ఎలక్ట్రోలక్స్ మోడల్ 30: ప్యాకింగ్ మొదలు చేరవేత దాకా

శనివారం: యంత్రం స్థితి

పాత యంత్రాల సేకరణకర్తతో మాట ఖాయమైంది కాబట్టి, ఈ యంత్రాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఆయన చేతికి చేర్చే పని ఇవాళ మొదలుపెట్టాను. పంపవలసింది 1937లో లూరెల్ గిల్డ్ అనే డిజైనర్ రూపకల్పనతో అమెరికాలో వెలువడిన వాక్యూమ్ క్లీనర్, ఎలక్ట్రోలక్స్ మోడల్ 30. రోమన్ అంకెల్లో మూడు ఎక్స్‌లుగా రాసే ఈ మోడల్ ఎన్నో ఏళ్లపాటు పెద్దగా మారకుండా అమ్ముడుపోయింది. పడుకోబెట్టిన స్థూపం ఆకారం, దాని మీద రెక్సిన్ చుట్టు, రెండు కొసలకూ మెరిసే లోహపు మూతలు, అడుగున నేల మీద జారేందుకు రెండు లోహపు పట్టాలు. పట్టాల ఆలోచన అంతకు ముందుదే. 1921లో వచ్చిన మోడల్ 5 కూడా ఇలాగే పట్టాల మీద జారేది. చూడడానికి రైలింజన్‌లా ఉంటుందని దీన్ని ఇష్టపడేవాళ్లు చాలామంది. ప్యాక్ చేయబోయేవాడికి మాత్రం ఆ గుండ్రదనమే మొదటి తలనొప్పి, ఎందుకంటే గుండ్రటి వస్తువు చతురస్రపు పెట్టెలో తనంతట తాను ఎక్కడా నిలవదు.

యంత్రాన్ని బల్ల మీద దుప్పటి పరిచి పెట్టి, ముందు కొసను మెల్లగా పైకెత్తి, మళ్లీ దించి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. వెనక సగంలో ఏదో బరువైనది వెంట్రుకవాసి జరిగి ఆగినట్టు మెత్తని శబ్దం వచ్చింది. అది మోటారు. మోటారును బయటి డొల్ల నుంచి వేరుచేసి అదురును మింగేందుకు పెట్టిన రబ్బరు బుష్‌లు ఇన్నేళ్లలో గట్టిపడి, తమ సాగే గుణాన్ని చాలావరకు పోగొట్టుకున్నట్టున్నాయి. కొత్త రబ్బరు అయితే దెబ్బ తగిలినప్పుడు సాగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. గట్టిపడిన రబ్బరు సాగడానికి బదులు చిట్లుతుంది.

ఈ ప్యాకింగ్ అంతటికీ ఆధారం ఆ శబ్దమే. పాత యంత్రాలు దారిలో పాడైనప్పుడు చాలామంది బయటి నుంచి తగిలిన దెబ్బనే తప్పుపడతారు. నా అభిప్రాయంలో వాటిని ఎక్కువగా విరిచేది వాటి సొంత బరువే. పెట్టె ఆగిపోయినా లోపలి మోటారు ఆగదు, పెట్టెలో వదులుగా పడేసిన ఇనుప నాజిల్ ఆగదు, గొట్టం కొసన ఉన్న లోహపు కప్లింగ్ ఆగదు. అవి పోయి దేనికి తగిలితే అది పోతుంది. కాబట్టి రెండు పనులను విడివిడిగా చూడాలని నిశ్చయించుకున్నాను. లోపలి పెట్టెలో యంత్రం ఏ దిక్కుకూ కదలకూడదు. బయటి పెట్టె ఆ లోపలి పెట్టెను హఠాత్తుగా కాకుండా నెమ్మదిగా ఆపాలి. ఒకే పొర ఈ రెండు పనులనూ చేయాలని చూస్తే, కదలకుండా పట్టేంత బిగువుగా ఉన్నది దెబ్బను మింగేంత మెత్తగా ఉండదు.

యంత్రాన్ని విప్పి మోటారుకు ఆసరా పెట్టవచ్చా అని సేకరణకర్తను అడిగాను. "స్క్రూల తలలు చెక్కుచెదరకుండా ఉన్నాయండీ, దయచేసి విప్పకండి, పాలిష్ కూడా పెట్టకండి, ఉన్న మరకలతోనే కావాలి" అన్నారు. సేకరించేవారికి ఎవరూ ముట్టని స్క్రూ విలువైనదన్న సంగతి నేనూ ఒప్పుకుంటాను. అందువల్ల మోటారుకు లోపలి నుంచి ఆసరా ఉండదు. బయటి నుంచే దాన్ని కాపాడాలి. సీరియల్ నంబరు ఫలకాన్ని, ఉన్న ప్రతి గీతను, రెక్సిన్ లేచిన రెండు చోట్లను పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి ఫొటోలు తీసి, ఆయనకు ముందే పంపించాను. ఏ గీత పాతదో, ఏది దారిలో పడ్డదో తేల్చుకోవడానికి ఇద్దరికీ ఇదొక్కటే సాక్ష్యం.

ఆదివారం: శుభ్రం, సంచి, బ్రష్‌లు

ముందు మూత కొక్కెం తీసి గుడ్డ సంచిని బయటికి లాగాను. ఈ మోడల్‌కు గుడ్డ సంచే; వాడి పారేసే కాగితపు సంచులు ఈ సంస్థ యంత్రాల్లోకి ఆ తరువాతి మోడళ్లతో వచ్చాయి. సంచిని ఆరుబయట, ముఖానికి మాస్కు పెట్టుకుని, దులిపి, లోపలి వైపును బయటికి తిప్పి మరోసారి దులిపాను. దుమ్మును పూర్తిగా తీయడానికి కారణాలు రెండు. అదురుకు లోపలి దుమ్ము బయటికి కారి, మెరిసే మూతల మీద సన్నని ఇసుక కాగితంలా పనిచేస్తుంది. అంతకంటే ముఖ్యంగా, మట్టి, గింజలు, పురుగుల అవశేషాలు ఉన్న వస్తువును సరిహద్దు దాటేటప్పుడు ఆపేసే అధికారం చాలా దేశాల తనిఖీ సిబ్బందికి ఉంది.

సంచి మీద ముద్రించిన అక్షరాలు ఇంకా చదవడానికి వీలుగా ఉన్నాయి కాబట్టి దాన్ని ఉతకలేదు. బ్రష్‌లకు ఉన్నవి జంతువుల వెంట్రుకలు. చిమ్మటల లార్వాలకు అవి మంచి ఆహారం. అందుకని సంచినీ బ్రష్‌లనూ గాలి చొరని ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, మ్యూజియంలలో పాటించే పద్ధతిలో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఫ్రీజర్‌లో ఉంచే పని ఈ ప్యాకింగ్ మొదలుపెట్టకముందే పూర్తిచేశాను. ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే కవరు తెరిస్తే గాలిలోని తేమ చల్లని వెంట్రుకల మీద నీరుగా దిగుతుంది. పూర్తిగా గది వేడికి వచ్చాకే తెరవాలి.

రెక్సిన్ విషయంలో కొంచెం జంకు ఉంది. ఆ కాలపు కృత్రిమ తోలు రకాలు చాలావాటిలో గుడ్డ మీద నైట్రోసెల్యులోజ్ పూత ఉండేది. స్పిరిట్ లాంటి ద్రావకాలు తగిలితే అలాంటి పూత మెత్తబడి అంటుకుంటుంది. ఇది ఏ రకమో పరీక్షించి చూడవలసిన అవసరం నాకు లేదు; నీటితో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఇంకోసారి తుడిచి వదిలేశాను. మెరిసే మూతలను పొడి మైక్రోఫైబర్ గుడ్డతో మాత్రమే తాకాను, అప్పటి నుంచి చేతులకు గ్లౌజులు లేకుండా వాటిని పట్టుకోలేదు. వేలిముద్రలోని ఉప్పు, పెట్టెలో చిక్కిన తేమ కలిస్తే పాత లోహపు పూత కింద తుప్పు చుక్కలు మొదలవుతాయి.

వైరు అసలుది కాదు, ఎప్పుడో ఎవరో మార్చిన పీవీసీ వైరు. అది చూడగానే థర్మాకోల్ ఆలోచనను పూర్తిగా వదిలేశాను. పీవీసీని మెత్తగా ఉంచేందుకు కలిపే పదార్థం నెలల తరబడి థర్మాకోల్‌ను తాకుతూ ఉంటే దానిలోకి దిగి, థర్మాకోల్‌ను కరిగించి, వైరును దానికి అతికించేస్తుంది. వైరును పెద్ద చుట్లుగా చుట్టి, నూలు నాడాతో కట్టి, దళసరి కాగితంలో విడిగా చుట్టాను. వైరు మీద టేప్ వేయకూడదు, జిగురు వదలదు.

సోమవారం: దెబ్బ లెక్క

ఇవాళ బల్ల మీద కత్తీ కత్తెరా కాకుండా కాగితం పెన్సిలు ఉన్నాయి. నాకు ఈ పనిలో బాగా ఇష్టమైన భాగం ఇదే కనుక కొంచెం విస్తరంగానే రాస్తాను.

పార్శిళ్లను పరీక్షించేందుకు ఇస్టా అనే సంస్థ ప్రచురించిన 1ఏ పద్ధతిలో, 9.5 నుంచి 18.6 కిలోల మధ్య ఉండే పెట్టెను 61 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పది సార్లు పడేస్తారు: ఒక మూల మీద, ఆ మూలలో కలిసే మూడు అంచుల మీద, ఆరు ముఖాల మీద. తేలిక పెట్టెలకు ఎత్తు ఇంకా ఎక్కువ, 76 సెంటీమీటర్లు. బరువు పెరిగేకొద్దీ ఎత్తు తగ్గుతుంది. తేలిక పెట్టెను మనుషులు విసురుతారు, బరువు పెట్టెను దించుతారు అన్న అనుభవం అందులో దాగి ఉంది. నా పెట్టె మొత్తం 12 కిలోల దగ్గర తేలుతుందని అంచనా వేసి 61 సెంటీమీటర్లు తీసుకున్నాను.

అంత ఎత్తు నుంచి పడ్డ పెట్టె నేలను తాకే వేళకు వేగం సెకనుకు దాదాపు 3.5 మీటర్లు. ఆ వేగం సున్నా కావడానికి ఎంత దూరం దొరుకుతుందన్నదే అసలు ప్రశ్న. ఒట్టి అట్టపెట్టె అయితే అట్ట నలిగే అర సెంటీమీటరు దొరుకుతుంది, 61ని 0.5తో భాగిస్తే 122, అంటే లోపలి వస్తువు మీద గురుత్వానికి 122 రెట్ల సగటు బలం. 5 సెంటీమీటర్ల ఫోమ్ సగం వరకు నలిగితే 2.5 సెంటీమీటర్లు దొరుకుతుంది, బలం సుమారు 24 రెట్లకు దిగుతుంది. మోటారు బరువు 3 కిలోలు అనుకుంటే, మొదటి సందర్భంలో గట్టిపడిన బుష్‌లను లాగే బరువు 366 కిలోలు, రెండో సందర్భంలో 72 కిలోలు. ఇవి సగటు లెక్కలే, గరిష్ఠం ఇంతకంటే ఎక్కువగా ఉంటుంది. అయినా ఆ రెండు అంకెల మధ్య తేడా చూశాక మందం విషయంలో బేరాలాడబుద్ధి కాదు.

మందంతోనే పని అయిపోదు. ఫోమ్ నలగాలి. ఇక్కడే చాలా ప్యాకింగులు దెబ్బతింటాయి. మంచి గట్టి పాలిథీన్ ఫోమ్ పలకను పెట్టె అడుగంతా పరిచి, దాని మీద తేలిక వస్తువును పెడితే, ఆ బరువుకు ఫోమ్ నలగనే నలగదు. అది చెక్కపలకలా ప్రవర్తించి దెబ్బను యథాతథంగా లోపలికి పంపుతుంది. ఘనమీటరుకు 35 కిలోల సాంద్రత ఉన్న పాలిథీన్ ఫోమ్ బాగా పనిచేయాలంటే దాని మీద ఒత్తిడి సుమారు 3 నుంచి 7 కిలోపాస్కళ్ల మధ్య ఉండాలి. యంత్రంతో కలిపి లోపలి పెట్టె 10 కిలోలు అనుకుంటే బలం 98 న్యూటన్లు. లోపలి పెట్టె అడుగు 65 సెంటీమీటర్లు, 32 సెంటీమీటర్లు. దాన్నంతా ఫోమ్‌తో కప్పితే ఒత్తిడి అర కిలోపాస్కల్ కూడా రాదు. 4 కిలోపాస్కళ్లు రావాలంటే ఫోమ్ వైశాల్యం 245 చదరపు సెంటీమీటర్లు చాలు. అంటే అడుగున నాలుగు మూలల్లో 8 సెంటీమీటర్ల చదరపు దిమ్మెలు నాలుగు. మొత్తం 256, ఒత్తిడి 3.8 కిలోపాస్కళ్లు.

ఎనిమిది మూలలకూ మూడు ముఖాల దిమ్మెలను తొడిగితే ఏ ముఖం మీద పడినా నాలుగు దిమ్మెలే బరువును మోస్తాయి కాబట్టి ఇదే లెక్క ఆరు ముఖాలకూ వర్తిస్తుంది. దిమ్మెల మధ్య ఖాళీ జాగాను చూసి, అందులో ఇంకేదైనా కుక్కాలన్న కోరిక ప్రతివాడికీ కలుగుతుంది. ఆ ఖాళీ కావాలని వదిలింది. నలిగే దిమ్మెకు అడ్డం రాకూడదు.

మంగళవారం: సరంజామా

రెండు పెట్టెలూ ఐదు ప్లై అట్టవే, కొత్తవే తీసుకున్నాను. వాడిన పెట్టెల మూలలు అప్పటికే ఒకసారి నలిగి ఉంటాయి, తేమ పీల్చిన అట్టకు బలం సగం పోతుంది. వేరుశనగ కాయల్లా ఉండే వదులు ఫోమ్ ముక్కలను కూడా పక్కన పెట్టాను. తేలిక గాజు సామాన్లకు అవి సరిపోవచ్చు గానీ, బరువైన యంత్రం ప్రయాణపు అదురుకు వాటిని అటూ ఇటూ నెట్టుకుంటూ కిందికి దిగి, చివరికి అట్ట మీదే కూర్చుంటుంది.

బుధవారం: డమ్మీ పెట్టె

లెక్క సరిగానే ఉన్నా, అసలు యంత్రంతో ప్రయోగం చేయలేను. యంత్రం అంత పొడవు, అంత బరువు వచ్చేలా దళసరి అట్టగొట్టంలో ఇసుక సంచులు నింపి, వెనక సగంలో ఎక్కువ, ముందు సగంలో తక్కువ పెట్టి, దానిపై అల్యూమినియం రేకు చుట్టాను. రేకు ఎక్కడ ముడతపడితే అక్కడ ఒత్తిడి పడినట్టు. మొబైల్‌లోని యాక్సిలరోమీటరుతో దెబ్బను కొలవవచ్చా అని ఒక స్నేహితుడు అడిగాడు. మామూలు ఫోన్లలోని సెన్సరు 8 లేదా 16 రెట్ల గురుత్వం దగ్గరే ఆగిపోతుంది కనుక అది ఈ పనికి కొరగాదు.

డమ్మీని లోపలి పెట్టెలో పట్టి ఉంచడానికి రెండు ఫోమ్ జీనులు కోశాను. స్థూపం ఒంపుకు సరిపోయే గుండ్రటి కోత, దాని కింద రెండు పట్టాల కోసం రెండు గాడులు. బరువంతా స్థూపం డొల్ల మీద పడాలి, పట్టాలు గాడుల్లో గాలిలో వేలాడాలి. పట్టాల మీద బరువు పడితే వాటి స్క్రూలు డొల్లను చించుకుని బయటికి వస్తాయి. పై నుంచి కూడా అలాంటివే రెండు అర్ధజీనులు వచ్చి స్థూపాన్ని బిగించాలి. చేత్తో నెడితే కదలకూడదు, కానీ రెక్సిన్ మీద అచ్చు పడేంత బిగువూ ఉండకూడదు.

పద్ధతి ప్రకారం మూల, అంచులు, ముఖాలు అన్నీ అయ్యాక పెట్టె తెరిచి చూస్తే, అడ్డంగా పడ్డ దెబ్బలకు రేకు నున్నగానే ఉంది. వెనక కొస మీద నిట్టనిలువుగా పడ్డ దెబ్బకు మాత్రం స్థూపం జీనుల్లోంచి ఒక వేలి మందం జారి, పెట్టె గోడను తాకి, రేకు కొసన గుండ్రంగా నలిగింది. అసలు యంత్రంలో మోటారు ఉండేది ఆ కొసలోనే. గాలి బయటికి పోయే రంధ్రం, వైరు ప్రవేశించే చోటు కూడా అక్కడే. అడ్డంగా ఎంత గట్టిగా పట్టినా నున్నటి స్థూపం పొడుగు దిశలో జారుతుందన్నమాట.

దానికి విరుగుడుగా కొసలకు ఫోమ్ వలయాలు కోశాను. బయటి వ్యాసం 20, లోపలి వ్యాసం 12 సెంటీమీటర్లు. వలయం వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు, 8 కిలోల యంత్రానికి ఒత్తిడి మళ్లీ 4 కిలోపాస్కళ్ల దగ్గరే వస్తుంది. అంకెలు అలా కలిసిరావడం యాదృచ్ఛికమే గానీ చూసి సంతోషించాను. నిండు పలక కాకుండా వలయం ఎందుకంటే, బరువు మూత అంచు మీద పడాలి, అక్కడ లోహం మడిచి దృఢంగా ఉంటుంది. మధ్యలోని రంధ్రం చుట్టూ ఉన్న పలుచని భాగం ఏదీ మోయకూడదు. వలయాలతో మళ్లీ నిలువుగా పడేసినప్పుడు రేకు మీద వలయం అచ్చు సమంగా పడింది, గోడ తగలలేదు. వెనక వైపు వలయాన్ని రెండు పొరలుగా చేశాను.

గురువారం: గొట్టం, నాజిళ్లు

గొట్టాన్ని యంత్రంతో ఒకే పెట్టెలో పెట్టకూడదని తేల్చుకున్నాను. అది వేరే పెట్టెలో, వేరే పార్శిలుగా వెళ్తుంది. ఖర్చు కొంత పెరుగుతుంది; కానీ గొట్టం రెండు కొసలకూ ఉన్న లోహపు కప్లింగులు ఆ పెట్టెలో యంత్రానికి అతి దగ్గరి శత్రువులు.

అల్లిక గుడ్డ కింద తీగ చుట్టు, దాని లోపల గాలి చొరని పొర, ఇదీ పాత గొట్టం నిర్మాణం. గాలి చొరని పొర వయసు మీరి ఎండిపోయి ఉంటుంది కనుక గొట్టాన్ని అది ఏళ్లుగా అలవాటుపడిన ఒంపు కంటే ఇరుకుగా వంచకూడదు. నేల మీద వదిలేసి అది తనంతట తాను ఎంత గుండ్రంగా పడుకుంటుందో చూసి, ఆ వలయం వెడల్పునే పెట్టె కొలతగా తీసుకున్నాను. ఒక చోట మాత్రం వేలితో మెల్లగా నొక్కితే లోపల పొడి ఆకు నలిగిన శబ్దం వచ్చింది. అక్కడ తెల్ల నూలు దారం కట్టి గుర్తుపెట్టి, సేకరణకర్తకు ఫొటో పంపాను. కప్లింగులు రెండింటికీ ఫోమ్ టోపీలు తొడిగి, ఒకదానికొకటి తగలని విధంగా వలయానికి ఎదురెదురు వైపుల నూలు నాడాతో కట్టాను.

గొట్టపు కర్రలు, నేల నాజిల్, తివాచీ నాజిల్, సోఫా నాజిల్, సందుల నాజిల్, దుమ్ము బ్రష్, ఇవన్నీ అదే పెట్టెలో రెండో అంతస్తు. ఒక్కొక్కదాన్ని ఆమ్లం లేని టిష్యూ కాగితంలో చుట్టి, దాని ఆకారానికి కోసిన ఫోమ్ గదిలో కూర్చోబెట్టాను. బేకలైటులా కనిపించే నల్లటి గట్టి ప్లాస్టిక్ ముక్కకు అన్నిటికంటే ఎక్కువ జాగా ఇచ్చాను. 1907లో లియో బేకలాండ్ కనిపెట్టిన ఆ పదార్థం వేడికీ విద్యుత్తుకూ తట్టుకుంటుంది. వంగడం మాత్రం దాని స్వభావంలో లేదు, దెబ్బ తగిలితే నేరుగా పగులుతుంది. బ్రష్ వెంట్రుకల మీద ఏ బరువూ లేకుండా తలకిందులుగా కాక పక్కకు పడుకోబెట్టాను, లేకపోతే చేరేసరికి ఒకవైపుకు అణిగిపోయి ఉంటాయి.

శుక్రవారం: అసలు ప్యాకింగ్

యంత్రానికి మొదటి చుట్టు ఆమ్లం లేని టిష్యూ కాగితం, రెండో చుట్టు పలుచని పాలిథీన్ ఫోమ్ షీటు. బబుల్ ర్యాప్‌ను నేరుగా తగలనివ్వలేదు. రోజుల తరబడి ఒత్తిడిలో ఉంటే మెరిసే లోహం మీదా రెక్సిన్ మీదా బుడగల గుండ్రటి మచ్చలు పడతాయి, అవి ఎంత తుడిచినా పూర్తిగా పోవు. ముందు మూత దానంతట తెరుచుకోకుండా కొక్కెం మీదుగా వెడల్పైన నూలు నాడా చుట్టి ముడి వేశాను. సంచి గదిలో టిష్యూ కాగితాన్ని వదులుగా నింపాను. గట్టిగా కుక్కితే ఆ ఒత్తిడి మోటారు ముందున్న జాలీ మీదికి పోతుంది. సంచి మాత్రం మడతలు పడకుండా చుట్టగా చుట్టి రెండో పెట్టెలోకి వెళ్లింది.

తేమ విషయంలో కొంత తర్జనభర్జన జరిగింది. యంత్రాన్ని ప్లాస్టిక్ సంచిలో సీలు చేస్తే బయటి తేమ రాదు, కానీ లోపలి కాగితంలో, గుడ్డలో ఉన్న తేమ కూడా పోదు. విమానపు చలిలో అదే నీరై లోహం మీద దిగుతుంది. సీలు చేయకపోతే తడిసిన గోదాములో పెట్టె కూడా తడుస్తుంది. చివరికి సీలు చేసిన సంచీ, దానిలో పొయ్యిలో ఆరబెట్టిన సిలికా జెల్ పొట్లాలూ పెట్టాను. పొట్లాలు లోహాన్ని నేరుగా తాకకుండా జీనుల పక్కన ఉన్న గూళ్లలో కూర్చున్నాయి.

తరువాత జీనులు, వలయాలు, పై అర్ధజీనులు. లోపలి పెట్టె మూసి చెవి దగ్గర పెట్టుకుని ఊపితే మోటారు చేసే ఆ మెత్తని శబ్దం తప్ప ఇంకేదీ వినిపించలేదు. లోపలి పెట్టె మూత లోపలి వైపు, విప్పే వరుసను పెద్ద అక్షరాలతో రాశాను: ముందు ఏ దిమ్మె తీయాలి, యంత్రాన్ని ఎక్కడ పట్టుకుని ఎత్తాలి, పట్టాలను ఎందుకు పట్టుకోకూడదు. ప్యాక్ చేసినవాడికి తెలిసినది విప్పేవాడికి తెలియదు కాబట్టి విప్పేటప్పుడు విరిగే వస్తువులు కూడా తక్కువేమీ కాదు. ప్లగ్గుకు ఒక అట్ట బిళ్ల కట్టి, ఇది 110 నుంచి 120 వోల్టుల యంత్రమని, 230 వోల్టుల సాకెట్లో పెడితే మోటారు అదుపు తప్పిన వేగంతో తిరిగి కాలిపోతుందని రాశాను. సేకరణకర్తకు తెలుసు; ఆయన ఇంట్లో చూడవచ్చిన వాళ్లకు తెలియకపోవచ్చు.

మూల దిమ్మెలతో లోపలి పెట్టె బయటి పెట్టెలో కూర్చుంది. మూత మధ్య అతుకు మీద ఒకటి, రెండు కొసల అంచుల మీద ఒక్కొక్కటి, ఇంగ్లీషు హెచ్ ఆకారంలో టేప్ వేశాను. బాణం గుర్తులు నాలుగు వైపులా అతికించాను గానీ వాటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కుదుపు తగిలితే ఎర్రబారే స్టిక్కర్లను కూడా అంటించలేదు. అవి జరిగింది చెబుతాయి, జరగబోయేదాన్ని ఆపవు.

మరుసటి శనివారం: కాగితాలు, కొలతలు

బయటి పెట్టె కొలతలు 75, 42, 42 సెంటీమీటర్లు. విమానం ద్వారా వెళ్లే కొరియర్లు పెట్టె తీసుకునే జాగాను కిలోల్లోకి మార్చడానికి సాధారణంగా ఈ మూడింటినీ గుణించి 5000తో భాగిస్తాయి. నా పెట్టెకు 26.5 కిలోలు వచ్చింది. తూకంలో 12 కిలోలే అయినా రుసుము 26.5 కిలోలకే. దిమ్మెల మధ్య గాలికి కూడా కిరాయి కట్టాలన్నమాట. ఈ విషయం సేకరణకర్తకు ముందే చెప్పి, పలుచని ప్యాకింగ్‌తో ఎంత తగ్గుతుందో, మోటారు బుష్‌ల మీద ఎంత బరువు పెరుగుతుందో రెండూ పక్కపక్కన రాసి పంపాను. ఆయన మారు మాట్లాడకుండా మందపాటి ప్యాకింగ్‌నే ఎంచుకున్నారు.

కస్టమ్స్ ఫారంలో వర్ణన రాయడానికి ఎక్కువ ఆలోచించాలి. "పురాతన వస్తువు" అని రాయాలని మనసు లాగుతుంది, కానీ అంతర్జాతీయ సుంకాల వర్గీకరణలో 9706 శీర్షిక నూరేళ్లు దాటిన వాటికే. ఈ యంత్రానికి ఇంకా అంత వయసు లేదు, కాబట్టి అది వాక్యూమ్ క్లీనర్ల శీర్షిక అయిన 8508 కిందకే వస్తుంది. "వాడిన విద్యుత్ వాక్యూమ్ క్లీనర్, 1930ల నాటి నమూనా, సేకరణ కోసం, బ్యాటరీ లేదు" అని పూర్తిగా రాశాను. బ్యాటరీ లేదన్న మాట ఎందుకంటే, ఈ రోజుల్లో ఇంటి పరికరం అనగానే లిథియం బ్యాటరీ ఉంటుందేమోనని పెట్టెను పక్కన పెడతారు. అయస్కాంతం గురించి కూడా కౌంటర్లో అడిగారు. ఇందులోది యూనివర్సల్ మోటారు, దాని అయస్కాంత క్షేత్రం తీగ చుట్ల నుంచి కరెంటు పారినప్పుడే పుడుతుంది, శాశ్వత అయస్కాంతాలు లేవు అని వివరించాక ఒప్పుకున్నారు.

చెక్క పేటిక గురించి కూడా ఆలోచించి మానేశాను. ముడి చెక్కతో చేసిన పేటిక సరిహద్దు దాటాలంటే, చెక్కతో పాటు పురుగులు వ్యాపించకుండా పెట్టిన ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ నియమం ప్రకారం చెక్క లోపలి భాగం 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉండాలి, లేదా ఆమోదించిన మరో శుద్ధి జరగాలి, ఆ ముద్ర కూడా పేటిక మీద కనిపించాలి. ప్లైవుడ్‌కు ఆ నిబంధన లేదు. అయినా ఈ బరువుకు ఐదు ప్లై అట్ట చాలు. చెక్క పేటిక బరువు పెంచడమే కాక, గట్టిగా ఉండడం వల్ల దెబ్బను తన గోడల్లో ఏమాత్రం మింగదు.

బీమా విషయంలో షరతుల కాగితం మొత్తం చదివాను. పాత వస్తువులకు మినహాయింపు ఉందా, లోపలి యాంత్రిక నష్టం వర్తిస్తుందా, పెట్టె పైకి బాగుంటే పరిహారం నిరాకరిస్తారా అన్నవి చూసుకోవలసిన మూడు అంశాలు. మూడోది నాకు ముఖ్యం, ఎందుకంటే మోటారు బుష్ తెగినా బయటి అట్ట నలగకపోవచ్చు. ప్రతి పొర ఫొటోలూ, మోటారు తిరుగుతున్నప్పటి శబ్దం రికార్డింగూ, రెండూ సేకరణకర్త దగ్గర కూడా ఉంచాను.

చేరిన తరువాత

యంత్రం పెట్టె ముందుగా, గొట్టం పెట్టె దాని వెనకాల చేరాయి. సేకరణకర్త విప్పుతూ తీసిన ఫొటోల్లో బయటి పెట్టె ఒక మూల లోపలికి బాగా నలిగి ఉంది. ఆ మూలలోని దిమ్మె శాశ్వతంగా ఒక సెంటీమీటరు అణిగిపోయింది. అంటే అది గట్టి దెబ్బనే తీసుకుంది. లోపలి పెట్టె ఆ మూలన గీత కూడా పడలేదు. వెనక వలయం మీద మూత అంచు సమంగా అచ్చు పడింది, పట్టాలు గాడుల్లో తాకకుండానే ఉన్నాయి.

ఆయన యంత్రాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టలేదు. ఒక రోజంతా గది వేడికి అలవాటు పడనిచ్చి, వోల్టేజీని కావలసినంతకు తిప్పుకునే వేరియాక్ అనే ట్రాన్స్‌ఫార్మరు మీద సున్నా నుంచి మెల్లగా వోల్టేజీ పెంచుతూ, మోటారు ఏ వోల్టేజీ దగ్గర ఏ శబ్దం చేస్తుందో విని, నా రికార్డింగుతో పోల్చి చూసుకున్నారు. బేరింగు శబ్దం, మోటారు లోపలి కార్బన్ బ్రష్‌ల చిటపట రెండూ అదే తీరులో ఉన్నాయట. కొసను ఎత్తి దించితే వచ్చే శబ్దం కూడా ముందున్నంతే ఉందని రాశారు. గొట్టంలో నేను దారం కట్టిన చోట చీలిక పెరగలేదు. దాని లోపలి పొరను ఎలా బాగుచేయాలో ఆయన చూసుకుంటారు.

ఆరు దిమ్మెలు ఇంకా పనికొస్తాయి, రెండు కొత్తవి కోయాలి. ఆయన దగ్గర అదనంగా ఉన్న ఇదే మోడల్ గుడ్డ సంచిని, పగిలిన మరో నేల నాజిల్‌ను నాకు అదే గొట్టం పెట్టెలో తిప్పి పంపుతున్నారు. ఫోమ్ గదుల కొలతలు పెట్టె గోడ మీద రాసే ఉన్నాయి కనుక ఆయన కొత్తగా కోయవలసింది నాజిల్ గది ఒక్కటే.